రోజుకు మూడు ఎనర్జీ డ్రింకులు, మూడు వారాలుగా కాలి ఎముక నొప్పి: రెండింటికీ సంబంధం ఉందా?

గ్రౌండ్_కుర్రాడు:
నా వయసు 23. కానిస్టేబుల్ ఈవెంట్స్ (పరుగు లాంటి శారీరక పరీక్షలు) కోసం దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉండి ప్రిపేర్ అవుతున్నాను. పొద్దున నాలుగున్నరకు లేచి గ్రౌండ్‌కు వెళ్తాం, 1600 మీటర్లు టైం పెట్టుకుని పరిగెత్తుతాం, సాయంత్రం మళ్ళీ అదే. గ్రౌండ్‌కు వెళ్ళే ముందు ఒక ఎనర్జీ డ్రింక్, మధ్యాహ్నం రీడింగ్ రూంలో కునుకు రాకుండా ఒకటి, రాత్రి చదువుకునేటప్పుడు ఇంకొకటి. అన్నీ ఇరవై రూపాయల 250 మి.లీ. బాటిళ్ళే. ఏడాదిన్నరగా ఇదే అలవాటు.

మూడు వారాల నుంచి కుడి కాలు, మోకాలికీ మడమకీ మధ్య ఎముక మీద ఒకే చోట నొప్పి. మొదట్లో పరిగెత్తినప్పుడే ఉండేది, ఇప్పుడు మెట్లు ఎక్కినా తెలుస్తోంది. మొన్న మా వీధిలో ఎముకల క్యాంపు పెడితే వెళ్ళాను, మడమను ఒక మెషిన్‌లో పెట్టి చూసి స్కోరు మైనస్ 1.6, ఆస్టియోపీనియా, అంటే ఎముక సాంద్రత తగ్గింది అని కాగితం ఇచ్చారు, కాల్షియం డబ్బా కొనమన్నారు. రూమ్మేటేమో ఆ డ్రింకులు ఎముకల్ని కరిగించేస్తాయి అంటున్నాడు. కోచ్ మాత్రం అందరికీ వచ్చే నొప్పే, పరిగెత్తితే పోతుంది అంటున్నారు. ఈవెంట్స్‌కు రెండు నెలలే ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట వినాలి?

ఆర్థో_పీజీ:
తమ్ముడూ, డ్రింకుల సంగతి తర్వాత, ముందు పరుగు ఆపు. ఈ రోజు నుంచే. ఎముక మీద వేలు పెట్టి ఇదిగో ఇక్కడే అని చూపించగలిగే నొప్పి, రోజురోజుకూ పెరుగుతూ నడిచినా వచ్చే నొప్పి అంటే స్ట్రెస్ ఫ్రాక్చర్‌ను అనుమానించాలి, అంటే ఎముకలో వెంట్రుకవాసి పగులు. పరిగెత్తేవాళ్ళకు వచ్చే మామూలు షిన్ పెయిన్ (ముంగాలి నొప్పి) అయితే ఎముక లోపలి అంచు వెంట జానెడు పొడవునా ఉంటుంది, ఇలా ఒకే చోట గుచ్చినట్టు ఉండదు. మొదటి వారాల్లో ఎక్స్‌రే తీస్తే చాలాసార్లు ఏమీ కనిపించదు, కాబట్టి ఎక్స్‌రే నార్మల్ అన్నారు కదా అని మళ్ళీ గ్రౌండ్ ఎక్కొద్దు. ఎం.ఆర్.ఐ.లో తెలుస్తుంది. నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తడం అన్నిటికంటే ప్రమాదం. పగులు ఎముక ముందు వైపున ఉంటే మానడం చాలా కష్టం, ఒక్కోసారి పూర్తిగా విరిగి ఆపరేషన్ దాకా వెళ్తుంది.

ఇక ఆ క్యాంపు కాగితం. దాన్ని చూసి భయపడకు. మడమకు పెట్టే అల్ట్రాసౌండ్ మెషిన్‌తో ఆస్టియోపీనియా అని నిర్ధారించరు, దానికి నడుమూ తుంటీ ఎముకల సాంద్రత కొలిచే డెక్సా అనే ఎక్స్‌రే స్కాన్ కావాలి. అక్కడ కూడా 50 ఏళ్ళ లోపు మగవాళ్ళకు ఆరోగ్యంగా ఉన్న యువతతో పోల్చే టి-స్కోరు చూడం, అదే వయసు వాళ్ళతో పోల్చే జెడ్-స్కోరు చూస్తాం, అది మైనస్ 2 లేదా అంతకంటే తక్కువ ఉంటేనే ఆలోచిస్తాం. 23 ఏళ్ళ కుర్రాడికి ఇలాంటి కాగితం చేతిలో పెట్టి డబ్బా అమ్మడం చాలా తప్పు, ఇలాంటివి చూస్తే నాకు కోపం వస్తుంది.

చాయ్_గ్లాసు:
ఈ కెఫీన్ గొడవంతా అనవసర భయం అని నా అభిప్రాయం. మా నాన్నకు 62 ఏళ్ళు, రోజుకు ఆరు టీలు, ఇప్పటికీ పొలం గట్ల మీద నాకంటే వేగంగా నడుస్తారు. ఎముకలు కరిగేదే నిజమైతే మన ఊళ్ళో ఎవరూ నిలబడలేరు.

పోషణ_విద్యార్థిని:
చాయ్_గ్లాసు గారు చెప్పింది సగం నిజం. న్యూట్రిషన్ చదువుతున్నాను కాబట్టి లెక్క వేసి చూపిస్తాను.

మన దగ్గర కెఫీన్ డ్రింకుల్లో లీటరుకు 300 మి.గ్రా. దరిదాపుల్లో కెఫీన్ ఉంటుంది, అంటే 250 మి.లీ. బాటిల్‌లో 70 పైచిలుకు, మూడింటికి 220 వరకు. ప్రతి 100 మి.గ్రా. కెఫీన్‌కు శరీరం నుంచి అదనంగా పోయే కాల్షియం సుమారు 6 మి.గ్రా. మాత్రమే. అంటే మూడు బాటిళ్ళకు పోయేది 13, 14 మి.గ్రా., ఒక పెద్ద చెంచాడు పాలతో పూడిపోయేంత. కరిగించడం అనే మాటే తప్పు. 2006లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనంలో కోలా తాగే ఆడవాళ్ళకు తుంటి ఎముక సాంద్రత తక్కువ ఉందని తేలింది గానీ మగవాళ్ళలో అది కనిపించలేదు, వేరే గ్యాస్ డ్రింకుల్లోనూ కనిపించలేదు. కోలాలో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది, ఎనర్జీ డ్రింకుల్లో ఎక్కువగా సిట్రిక్ ఆమ్లం వేస్తారు, కాబట్టి దాన్ని తెచ్చి వీటికి అతికించలేం.

కానీ తమ్ముడూ, ఆ బాటిల్ ఏం తీసుకుపోతోంది అని కాకుండా, అది వచ్చి దేన్ని పక్కకు నెట్టేసింది అని చూడు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్.ఐ.ఎన్.) లెక్క ప్రకారం పెద్దవాళ్ళకు రోజుకు 1000 మి.గ్రా. కాల్షియం కావాలి. నీ హాస్టల్ భోజనం నేను ఊహించగలను: తెల్లన్నం, నీళ్ళ చారు, పలచటి పప్పు, మజ్జిగ పేరుతో తెల్లనీళ్ళు. అందులో 300 కూడా దాటదు. పొద్దున పాలు తాగే వేళకు డ్రింక్, సాయంత్రం ఏదో తినే వేళకు డ్రింక్. 20 ఏళ్ళకు ఎముక చాలావరకు గట్టిపడినా 30 లోపు ఇంకా కొంత కూడబెట్టుకునే వయసు ఇది. నువ్వేమో ఏడాదిన్నరగా అసలు ఏమీ వేయడం లేదు.

ఎండ సంగతి కూడా చెప్పాలి. రోజూ గ్రౌండ్‌లో ఉంటాను కదా అనుకుంటావు, కానీ నువ్వు ఉండేది సూర్యుడు రాకముందు, సాయంత్రం దిగిపోయాక. మధ్యలో అంతా రీడింగ్ రూంలో ట్యూబ్ లైటు కింద. విటమిన్ డి తయారయ్యేది ఎండ నడినెత్తికి వచ్చే వేళలో. ఒకసారి రక్తపరీక్ష చేయించు. అమెరికా నేవీలో చేరిన 5 వేల మందికి పైగా అమ్మాయిల్లో సగం మందికి ట్రైనింగ్ సమయంలో 8 వారాలు రోజూ 2000 మి.గ్రా. కాల్షియం, 800 యూనిట్ల విటమిన్ డి ఇస్తే స్ట్రెస్ ఫ్రాక్చర్లు 20 శాతం తగ్గాయని 2008లో ప్రచురించారు. నీ పరిస్థితికి దగ్గరగా ఉన్నది అదే.

గ్లాసు పాలలో 300 మి.గ్రా. దాకా వస్తుంది, 50 గ్రాముల రాగిపిండితో జావ కాచుకుంటే 180 వరకు. నువ్వుల ఉండలు, మునగాకు మంచివి. పాలకూరలో కాల్షియం కనిపిస్తుంది గానీ ఆక్సలేట్ల వల్ల ఒంటికి పట్టదు. మూడు బాటిళ్ళ 60 రూపాయలతో అర లీటరు పాలు, ఒక పెరుగు ప్యాకెట్ కొనుక్కోవచ్చు. ఆ బాటిల్ మీద రోజుకు 500 మి.లీ. మించవద్దని రాసి ఉంటుంది, నువ్వు 750 తాగుతున్నావు.

ఖాకీ_2020:
తమ్ముడూ, నేను కూడా నీలాగే చేసి ఒక నోటిఫికేషన్ పోగొట్టుకున్నవాడిని, అందుకే రాస్తున్నాను. ఆ డ్రింక్ తాగితే ఒంట్లో బలం రాదు, అలసట తెలియదంతే. కాళ్ళు ఆపమంటున్నా మనకు వినపడదు. నేను మూడు రౌండ్లతో ఆపాల్సిన రోజు ఐదు కొట్టేవాడిని, రాత్రి పదింటికి ఒకటి తాగితే పన్నెండున్నర దాకా నిద్ర పట్టేది కాదు, మళ్ళీ నాలుగున్నరకు అలారం. ఎముక పరిగెత్తినప్పుడు కాదు, మనం పడుకున్నప్పుడు బాగుపడుతుందని డాక్టరు చెప్పేదాకా నాకు తెలియదు. మా కోచ్ కూడా పరిగెత్తితే పోతుంది అన్నారు. పోలేదు. ఈవెంట్స్ రోజు రెండో రౌండ్‌లో కూర్చుండిపోయాను, అమ్మ బయట గేటు దగ్గర నిలబడి ఉంది.

గ్రౌండ్_కుర్రాడు:
అందరికీ థాంక్స్. ఖాకీ అన్న రాసింది చదివి ఆ సాయంత్రమే గ్రౌండ్ మానేసి మరుసటి రోజు ఆస్పత్రికి వెళ్ళాను. ఎక్స్‌రే నార్మల్. అక్కడితో పంపించేయబోతే నేనే ఎం.ఆర్.ఐ. అడిగాను. స్ట్రెస్ ఫ్రాక్చర్ అని వచ్చింది, ముందు వైపు కాదు, వెనుక లోపలి వైపు. విటమిన్ డి 9 ఉంది, 20 పైన ఉండాలట. వారానికి ఒకటి చొప్పున 60 వేల యూనిట్ల ప్యాకెట్లు 8 వారాలకు రాశారు. డ్రింకులు ఒక్కసారిగా మానేస్తే రెండు రోజులు తల పగిలిపోయింది, ఇప్పుడు పర్వాలేదు. రాత్రి పదిన్నరకే నిద్ర వచ్చేస్తోంది. హాస్టల్ ఆంటీని అడిగితే పొద్దున రాగిజావ కాచి ఇస్తానన్నారు. ఒక్కటే అడగాలి, ఈవెంట్స్‌కు అందుకుంటానా?

ఆర్థో_పీజీ:
వెనుక వైపు అంటే మంచి వార్తే, అవి చాలావరకు 6 నుంచి 8 వారాల్లో మానతాయి. అందుకుంటావని మాట ఇవ్వలేను, దగ్గర్లోకి మాత్రం రావచ్చు. పరుగుకు కావాల్సిన దమ్ము తగ్గకుండా డాక్టర్‌ను అడిగి సైకిల్, ఈత మొదలుపెట్టు. నొప్పి లేకుండా అరగంట వేగంగా నడవగలిగి, నొక్కితే నొప్పి లేనప్పుడు మెల్లగా పరుగు, అదీ రోజు విడిచి రోజు. నాలుగో వారంలో మళ్ళీ చూపించుకుని ఇక్కడ రాయి.