డ్రిప్ ఫిల్టరుకు ఒక గేజీ కేజీల్లో, మరొకటి పీఎస్ఐలో: లెక్క ఎలా కుదుర్చుకోవాలి?

బత్తాయి రైతు, అనంతపురం:
మా తోటలో శాండ్ ఫిల్టరుకు నీరు లోపలికి వచ్చే వైపు ఒత్తిడి చూపే గేజీ పాడైతే కొత్తది బిగించాను. పాతది కేజీల్లో చూపేది, కొత్తదాని మీద పీఎస్ఐ అంకెలు మాత్రమే ఉన్నాయి. నిన్న మోటారు వేసినప్పుడు కొత్త ముల్లు 24 దగ్గర, బయటి వైపు పాత గేజీ ముల్లు 1.5 దగ్గర నిలిచాయి. ఫిల్టరు మూసుకుపోతోందా లేదా అన్నది వీటిని బట్టి ఎలా తెలుసుకోవాలి?

పంపుల మెకానిక్:
మనం వాడుకలో కేజీ అనేది చదరపు సెంటీమీటరు మీద పడే ఒక కిలోగ్రాము బరువు, పీఎస్ఐ అంటే చదరపు అంగుళం మీద పడే పౌండ్ల బరువు. ఒక కేజీ 14.22 పీఎస్ఐకి సమానం కాబట్టి మీ 24ను దానితో భాగిస్తే 1.69 కేజీలు వస్తుంది. అంటే రెండు వైపులా తేడా 0.19 మాత్రమే. నా అనుభవంలో తేడా అర కేజీకి చేరినప్పుడే బ్యాక్‌వాష్ (నీటిని వెనక్కి పంపి ఫిల్టరును కడగడం) చేస్తాం. అయితే ఇంత చిన్న తేడాను రెండు వేర్వేరు గేజీలతో నమ్మలేం, ఎందుకంటే ముళ్లలో ఉండే లోపమే అంత ఉండవచ్చు. మోటారు ఆపి ఒకే గేజీని ముందు ఒక వైపు, తరువాత రెండో వైపు బిగించి, ప్రతిసారీ మోటారు వేసి చూడండి.

కారు నడిపే వ్యక్తి, హైదరాబాద్:
టైర్ల విషయంలో నాకూ ఇదే చిక్కు ఎదురైంది. డోరు పక్కనున్న స్టిక్కరు మీద 230 కిలోపాస్కల్ (ఒత్తిడికి ఇంకో కొలత) అని ఉంటే, గాలి పట్టే కుర్రాడు "ముప్పై రెండు కొట్టమంటారా సార్" అని అడిగాడు. ఒక పీఎస్ఐ 6.895 కిలోపాస్కల్ కాబట్టి అది 33.4 అవుతుంది, 33 పట్టించాను.

ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్:
కొత్త గేజీ మీద బార్ అని ఉంటే కేజీ అనుకోకండి. బార్ అంటే 100 కిలోపాస్కల్, అంటే 14.50 పీఎస్ఐ, కేజీ అంటే 98.07 కిలోపాస్కల్. తోటలో ఈ రెండు శాతం తేడా పెద్దగా పట్టించుకోనక్కరలేదు గానీ, గేజీని సరిచూసే పనిలో అదే తప్పుగా తేలుతుంది.

బత్తాయి రైతు, అనంతపురం:
మెకానిక్ గారు చెప్పినట్లే కొత్త గేజీని రెండు వైపులా బిగించి చూశాను. లోపలి వైపు 24, బయటి వైపు 21 చూపింది. అర కేజీ అంటే 7 పీఎస్ఐ అని ఫిల్టరు పక్క గోడ మీద పెయింటుతో రాసిపెట్టాను, మోటారు వేసే మా తమ్ముడికి భాగహారం చేసే పని లేకుండా.