దేవుడి పేరు పెట్టి డైరీలో రాసుకున్నది మొక్కు అవుతుందా?

మెట్లదారి (తిరుపతి), డిసెంబర్ 28

అందరికీ నమస్కారం. ఏటా టీటీడీ డైరీ కొనడం మా ఇంట్లో అలవాటు. పోయిన జనవరి 1న మొదటి పేజీకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, "స్వామి దయతో 2025లో" అని మొదలుపెట్టి మూడు రాసుకున్నాను. నెలకొకసారి శ్రీవారి మెట్టు ఎక్కి కొండకు పోవడం. చీటీ డబ్బు రాగానే నగల మీది లోన్ తీర్చేయడం. పిల్లవాడి మీద చెయ్యెత్తకపోవడం.

నిన్న రాత్రి ఆ పేజీ తీశాను. కొండకు పోయింది నాలుగుసార్లు. లోన్ సగం తీరింది. ఆగస్టులో మార్కులు చూసి వాణ్ణి కొట్టాను. ఆ రోజు పేజీలో ఏమీ రాయలేదు, ఖాళీగా వదిలేశాను. ఆ ఖాళీ పేజీ చూస్తే ఏడుపొచ్చింది.

మా అత్త అన్నారు: "దేవుడి పేరు పెట్టి రాసినావంటే అది మొక్కే. మొక్కి తప్పితే దోషం. ఈసారి రాయొద్దు, మనసులో అనుకో చాలు." మా ఆయనేమో కాగితానికి దోషమేంటి అంటారు. ఎల్లుండి వైకుంఠ ఏకాదశి, ఇంకో రెండు రోజులకే కొత్త సంవత్సరం. కొత్త డైరీ కొనేశాం. రాయాలా, వద్దా?

చిత్తూరు మాష్టారు, డిసెంబర్ 28

అమ్మా, మీ అత్తగారు చెప్పిందే సరి. కాణిపాకం మాకు దగ్గర. అక్కడి వినాయకుడి ముందు చేసే ప్రమాణానికి ఎంత బరువుందో ఈ జిల్లాలో చిన్నపిల్లలకూ తెలుసు. అప్పు తీసుకోనేలేదని గట్టిగా వాదించినవాడు "కాణిపాకం వచ్చి ప్రమాణం చేస్తావా" అనగానే గొంతు తగ్గించడం నేను కళ్లారా చూశాను. నాతో పనిచేసిన ఒకాయన ముప్పై ఏళ్ల తాగుడు అక్కడే మానేశాడు. కోనేట్లో మునిగి, తడిబట్టలతో స్వామి ముందు నిలబడి నోటితో చెప్పాడు. ఒక్క అక్షరం రాయలేదు.

కాగితం మీద పెడితే పని సగం అయిపోయినట్టు మనసుకు తోస్తుంది. పేజీ తిప్పితే కనబడదు. వచ్చే ఏడు మళ్లీ అవే మూడు రాస్తాం. నా సలహా, ఒక్కటి పట్టుకోండి. దేవుడి ముందు నోటితో చెప్పండి. రాయకండి.

ఎస్వీ క్యాంపస్, డిసెంబర్ 28

మాష్టారూ, మీమీద గౌరవంతోనే కాదంటున్నాను. నేను సైకాలజీ విద్యార్థిని. 1986లో అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాలేజీ పిల్లలతో, మనసును బాగా గాయపరిచిన సంగతుల గురించి రాయించారు. రోజుకు 15 నిమిషాలు, వరుసగా నాలుగు రోజులు. రాసిన వెంటనే బాధ పెరిగింది, అది నిజమే. కానీ జరిగిందీ, దాంతోపాటు తమ మనసులో కలిగిందీ రెండూ కలిపి రాసినవాళ్లు ఆ తర్వాతి నెలల్లో డాక్టర్ దగ్గరికి పోవడం తగ్గింది. అక్కా, మీరు వదిలేసిన ఆగస్టు పేజీయే అన్నిటికంటే ముందు రాయాల్సిన పేజీ అని నాకనిపిస్తోంది.

మీరు రాసిన తీరు మాత్రం మార్చాలి. పీటర్ గోల్‌విట్సర్ అనే ఇంకో ఆయన, "ఫలానా సందర్భం వస్తే ఫలానా పని చేస్తాను" అని ముందే తేల్చుకున్నవాళ్లు అనుకున్నది ఎక్కువగా చేయగలుగుతారని చూపించారు. "చెయ్యెత్తను" అంటే కోపం వచ్చిన నిమిషంలో ఏం చేయాలో మీకు తెలియదు. "మార్కుల కార్డు చూసి కోపమొస్తే ముందు పెరట్లోకి పోయి ఒక చెంబు నీళ్లు తాగుతా" అంటే తెలుస్తుంది. కొండకూ అంతే. "నెలకొకసారి" అని వదిలేస్తే నెల గడిచిపోతుంది. "రెండో శనివారం, పొద్దున్నే శ్రీనివాసమంగాపురం వైపు, మెట్ల మొదటికి బయల్దేరతా" అని రాయండి.

చిత్తూరు మాష్టారు, డిసెంబర్ 28

చెంబు నీళ్ల మాట బాగుంది నాయనా. అందులో దేవుడెక్కడ?

పౌరోహిత్యం (తిరుపతి), డిసెంబర్ 29

మాష్టారు గారూ, ఆమె డైరీలో రాసుకున్న మొదటి వాక్యంలోనే ఉన్నాడు. ఏ పూజకైనా మేం చెప్పే సంకల్పం ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఏ ద్వీపం, ఏ సంవత్సరం, ఏ అయనం, ఏ మాసం, ఏ తిథి, ఏ వారం, ఏ గోత్రం, ఏ పేరు, ఇవన్నీ చెప్పాకే "ఈ పని చేస్తున్నాను" అంటాం. తేదీ, ఊరు, పేరు, చేయబోయే పని. డైరీ పేజీకీ దానికీ తేడా ఎంత?

మొక్కు వేరు. "ఈ గండం దాటించు, తలనీలాలు ఇస్తా" అని పసుపు గుడ్డలో ముడుపు కడతాం. కోరిక తీరితే అది బాకీ, చెల్లించాల్సిందే. అమ్మా, మీరు రాసిన మూడింటిలో స్వామిని మీరు అడిగింది ఏమీ లేదు. మీరు చేస్తానన్నవే ఉన్నాయి. అది సంకల్పం. తప్పితే మళ్లీ చెప్పుకోవచ్చు. రోజూ సంధ్యావందనంలో చెప్పేది అదే కదా.

రాయడం మన పద్ధతి కాదనే మాట మాత్రం నేను ఒప్పుకోను. అన్నమయ్య పదాలు ఇవాళ మనకున్నాయంటే రాగిరేకుల మీద చెక్కి కొండ మీద భద్రం చేసినందుకే. వాటిలో తన మనసు నిలకడలేనితనాన్ని స్వామికి చెప్పుకున్నవి ఎన్నో. లెక్క చూసుకోవడమూ కొత్తది కాదు. మఠాధిపతులైన మహంతులు తిరుమల ఆలయాన్ని నడిపిన కాలంలో ఆదాయం, వ్యయం, నిల్వల లెక్కలు ఏటా ఆణివార ఆస్థానం అనే ఉత్సవం నాడే మొదలయ్యేవి. టీటీడీ పాలకమండలి వచ్చాక బడ్జెట్ మార్చి-ఏప్రిల్‌కు మారింది. ఇప్పటికీ జులైలో ఆ రోజున తాళాల గుత్తిని స్వామి పాదాల దగ్గర పెడతారు. సాక్షాత్తు ఆయన ఇంట్లోనే ఏడాదికోసారి లెక్క ఉన్నప్పుడు, మన ఇంట్లో ఉంటే తప్పా?

జనవరి 1 మీద నాకు పట్టింపు లేదు. ఉగాదికి రాసుకున్నా సరే, ఈసారి మార్చి 19.

వాగ్దానం కార్డు (చిత్తూరు), డిసెంబర్ 29

మేం క్రైస్తవులం. డిసెంబర్ 31 రాత్రి చర్చిలో ఆరాధనకు పోతాం, కొత్త సంవత్సరానికి ఒక వాగ్దాన వాక్యం తీసుకుంటాం. బైబిల్లో హబక్కూకు గ్రంథంలో, దర్శనాన్ని పలక మీద స్పష్టంగా రాయమని దేవుడే ప్రవక్తకు చెబుతాడు. కాబట్టి రాయడం గురించి నాకు అనుమానం లేదు.

కానీ అక్కా, లెక్క దగ్గర జాగ్రత్త. నేను మూడేళ్లు ప్రార్థన పుస్తకం రాశాను. ఎడమవైపు అడిగింది, కుడివైపు జవాబు వచ్చిన తేదీ. మొదట్లో సంతోషంగా ఉండేది. తర్వాత అమ్మకు జబ్బు చేసింది. కుడివైపు గడి నెలల తరబడి ఖాళీగానే ఉంది. పుస్తకం తెరిస్తే దేవుడి మీద బాకీ వసూలుకు కూర్చున్నట్టు ఉండేది. అమ్మ పోయాక చాలా నెలలు ప్రార్థన చేయలేకపోయాను. ఇప్పుడు మళ్లీ రాస్తున్నాను, కుడివైపు గడి లేకుండా. ఆ రోజు ఏం జరిగింది, నేనేం చేశాను, ఎవరికి థ్యాంక్స్ చెప్పాలి, అంతే.

పౌరోహిత్యం గారూ, ఆలయానికి లెక్క తాళాల గుత్తితో తేలుతుందేమో. మనిషికి అట్లా తేలదు.

గోవింద కోటి రాస్తున్నా, డిసెంబర్ 29

నాకు 21 ఏళ్లు. 25 ఏళ్ల లోపు వాళ్లు గోవింద నామం 10,01,116 సార్లు రాస్తే దర్శనం, కోటి రాస్తే కుటుంబం మొత్తానికి బ్రేక్ దర్శనం అని 2023లో టీటీడీ ప్రకటించింది కదా. నేను దర్శనం కోసమే మొదలుపెట్టాను, దాచేదేం లేదు. అది వ్యాపారం అని ఫ్రెండ్స్ అంటారు. కానీ పొద్దున లేవగానే ఫోన్ పట్టుకునే అలవాటు పోయింది, పెన్ను పట్టుకుంటున్నా. ఆశతో మొదలుపెట్టినా చేసింది చేసినట్టే అని నా అభిప్రాయం.

చిత్తూరు మాష్టారు, డిసెంబర్ 29

మొక్కుకూ సంకల్పానికీ తేడా ఒప్పుకుంటున్నాను. రాయడం గురించి నా మాట మార్చుకోను. ఇంతమందిమి ఇంత మాట్లాడాం, ఒక్కరం కూడా ఆ బిడ్డ గురించి అడగలేదు. నలభై ఏళ్లు పిల్లల మధ్య బతికాను, నేనూ కొట్టినవాణ్ణే, అందుకే చెబుతున్నాను. అమ్మా, మూడో మాట స్వామికి ఇచ్చారు, డైరీకి ఇచ్చారు. దెబ్బ తిన్నది వాడు. వాడికి చెప్పారా?

మెట్లదారి (తిరుపతి), డిసెంబర్ 30

లేదు మాష్టారూ. మీరు అడిగేదాకా తోచలేదు.

నిన్న రాత్రి చెప్పాను. పోయిన జనవరిలో ఏం రాసుకున్నానో వాడికి చదివి వినిపించాను, ఆగస్టులో చేసింది తప్పని ఒప్పుకున్నాను. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అప్పుడు లెక్కల్లో నాకు 40 వచ్చినాయి" అన్నాడు. తేదీ నాకంటే వాడికే బాగా గుర్తుంది. ఇద్దరం కూర్చుని ఆ ఖాళీ పేజీ రాశాం. నేను రాస్తుంటే "చెయ్యి కాదు, స్కేలు" అని సరిదిద్దాడు.

పౌరోహిత్యం గారూ, మీరు చెప్పిన తేడా అర్థమైంది. అయినా పసుపు రాసేటప్పుడు నా మనసులో ఉన్నది మొక్కే, అది నాకు తెలుసు. అందుకే అత్త చెప్పినట్టు పదకొండు రూపాయలు పసుపు గుడ్డలో కట్టాను, హుండీలో వేసి తప్పు చెప్పుకుంటాను. మా ఆయనకు ఇది నచ్చలేదు.

కొత్త డైరీలో రెండే రాస్తున్నాను. చెంబు నీళ్లు ఒకటి. రెండోది రెండో శనివారం. జనవరిలో అది 10వ తేదీ, వైకుంఠ ద్వార దర్శనాలు 8తో అయిపోతాయి. 2,388 మెట్లు. వాడూ వస్తానన్నాడు. అత్త మోకాళ్లకు మెట్లు కుదరవు, బస్సులో పైకి వచ్చి మాకోసం ఎదురుచూస్తానన్నారు.