డగ్లస్ వాక్యానికి ఏ విభక్తి: "మాకు" అనాలా, "మమ్మల్ని" అనాలా?

ప్రశ్న

అమెరికాలోని నల్లజాతి కన్సర్వేటివుల ఆలోచనా ధోరణి మీద వచ్చిన ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. మిషిగన్ విశ్వవిద్యాలయపు లా స్కూలు ప్రవేశాల్లో జాతిని కూడా పరిగణించవచ్చునని 2003లో గ్రట్టర్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు 5–4 తేడాతో తీర్పు చెప్పినప్పుడు, నల్లజాతివారైన న్యాయమూర్తి క్లారెన్స్ థామస్ తన భిన్నాభిప్రాయాన్ని, బానిసగా పుట్టి బానిసత్వం మీద పోరాడిన నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ 1865లో అన్న మాటలతో మొదలుపెట్టారు. బానిసత్వం నుంచి బయటపడుతున్నవారిని ఏం చేయాలన్న ప్రశ్నకు డగ్లస్ ఇచ్చిన జవాబు అది: "Do nothing with us!" నేను "మాకు ఏమీ చేయకండి" అని రాశాను. పరిష్కర్త గారు దానిని "మమ్మల్ని ఏమీ చేయకండి" అని దిద్దారు. నాకేమో ఆ దిద్దుబాటు కొట్టవద్దని బతిమాలుకుంటున్నట్లు వినిపిస్తోంది. ఏది సరైనదో పెద్దలు చెప్పగలరు.

జవాబు

పరిష్కర్త గారు విభక్తిని సరిగానే పట్టుకున్నారు. క్రియను మాత్రం అలాగే వదిలేశారు. బతిమాలే ధ్వని "మమ్మల్ని" వల్ల రావడం లేదు, "చేయకండి" వల్ల వస్తోంది. "మమ్మల్ని మీరేమీ చేయనక్కరలేదు" అని ఒకసారి పైకి చదివి చూడండి. ప్రాధేయపడడం పోయి, అవతలివాడి పెద్దరికాన్ని పక్కకు నెట్టే గొంతు వస్తుంది. డగ్లస్ గొంతు అదే.

ఇక విభక్తి సంగతి. డగ్లస్‌కు ఎదురైన ప్రశ్న "నీగ్రోను ఏం చేద్దాం?" అన్నది. ఇంట్లో విరిగిన మంచం గురించి అడిగినట్లు మనుషుల గురించి అడిగిన ప్రశ్న కనుక, అందులోని అవమానమంతా "ను" అనే ఆ ప్రత్యయంలోనే ఉంది, జవాబు కూడా ఆ ప్రత్యయం మీదే విరుచుకుపడాలి. "కి, కు" లను మనం బడిలో షష్ఠి కింద వల్లె వేసినా, "మాకు చేయడం" అన్నప్పుడు అవి చూపించేది మేలు పొందేవారిని. అందుచేత "మాకు ఏమీ చేయకండి" అనగానే ఆ వాక్యం సహాయాన్ని నిరాకరించే వాక్యం అయిపోతుంది. "మమ్మల్ని" అంటే అది ఆజమాయిషీని నిరాకరించే వాక్యం. ఈ రెండింటి మధ్య ఉన్న దూరమే దాదాపు నూట నలభై ఏళ్ల తరువాత సుప్రీంకోర్టులో వివాదం అయింది కాబట్టి, ఇది కేవలం వ్యాకరణ చాదస్తమని ఎవరూ అనుకోరని ఆశిస్తాను.

ఆ ఉపన్యాసం ఎవరి ముందు జరిగిందో గుర్తుంచుకోవాలి. 1865 జనవరిలో బోస్టన్‌లో, మసాచుసెట్స్ బానిసత్వ వ్యతిరేక సంఘం సమావేశంలో, అంటే మిత్రుల ముందే డగ్లస్ మాట్లాడారు. అంతర్యుద్ధం ఇంకా ముగియలేదు. బానిసత్వాన్ని రద్దు చేసే రాజ్యాంగపు 13వ సవరణ ప్రతినిధుల సభలో నెగ్గింది ఆ నెల 31న. ఆయన అడిగింది నల్లవారికి తక్షణమే, షరతులు లేకుండా, అన్ని రాష్ట్రాల్లోనూ ఓటు హక్కు. ఆయన మండిపడింది లూసియానాలో ఉత్తరాది సైన్యపు జనరల్ బ్యాంక్స్ అమలు చేస్తున్న కూలి విధానం మీద. స్వేచ్ఛ పొందినవారిని స్వేచ్ఛకు "సిద్ధం చేయడం" పేరుతో, తోటల యజమానుల దగ్గర ఏడాది ఒప్పందాల కింద కట్టిపెట్టిన విధానం అది. మనిషి ఎప్పుడు, ఎక్కడ, ఏ పని, ఎంత కూలికి చేయాలో మరొకడు నిర్ణయించడం ఆచరణలో బానిసత్వమేనని డగ్లస్ ఆ ఉపన్యాసంలోనే అన్నారు.

ఈ నేపథ్యంలో అసలు భాగాన్ని నేనైతే ఇలా తెలుగు చేస్తాను:

"మమ్మల్ని మీరేమీ చేయనక్కరలేదు! ఇప్పటిదాకా మీరు చేసిన నిర్వాకమే మమ్మల్ని ఈ గతికి తెచ్చింది. ఆపిళ్లు తమ బలంతో చెట్టున నిలవకపోతే, లోపల పురుగు పట్టి ఉంటే, ముందే పండి రాలబోతుంటే, రాలిపోనివ్వండి! నీగ్రో తన కాళ్ల మీద నిలబడలేకపోతే వాణ్ణీ పడిపోనివ్వండి. నేనడిగేదల్లా, వాడి కాళ్ల మీద వాడు నిలబడే అవకాశం ఇవ్వండి! వాడి మానాన వాణ్ణి వదిలేయండి! వాడు బడికి వెళ్తూ కనిపిస్తే వదిలేయండి, వాడి జోలికి పోకండి! హోటల్లో భోజనానికి వెళ్తూ కనిపిస్తే వెళ్లనివ్వండి! ఓటు వేయడానికి వెళ్తూ కనిపిస్తే వదిలేయండి, వాడి జోలికి పోకండి! కార్ఖానాలో అడుగు పెడుతుంటే వాడి మానాన వాణ్ణి వదిలేయండి. మీరు కల్పించుకోవడం వాడికి హాని చేస్తోంది."

థామస్ ఉటంకింపులో "వాడి మానాన వాణ్ణి వదిలేయండి!" తరువాత మూడు చుక్కలు ఉంటాయి, ఆ చుక్కల తరువాత వచ్చేది "మీరు కల్పించుకోవడం వాడికి హాని చేస్తోంది" అన్న వాక్యం. బడి, హోటలు, ఓటు పెట్టె, కార్ఖానా నాలుగూ ఆ చుక్కల్లో కలిసిపోయాయి. విశ్వవిద్యాలయ ప్రవేశం గురించిన తీర్పులో, బడికి వెళ్లేవాడి గురించిన వాక్యమే జారిపోవడం నాకు చిన్న విషయంగా కనిపించదు. ఆ నాలుగు వాక్యాలూ ఉన్నప్పుడు "కల్పించుకోవడం" అంటే గుమ్మంలో నిలబడి అడ్డుపడడం. అవి లేనప్పుడు అదే మాటకు చేయి అందించడం అనే అర్థం వచ్చి కూర్చుంటుంది. "వాడి మానాన వాణ్ణి వదిలేయడం" మన జాతీయంలో వేధించకుండా ఉండడం. తీసివేతల తరువాత మిగిలినది "వాడి ఖర్మానికి వాణ్ణి వదిలేయడం" దాకా జారగలదు. మీ "మాకు" అనే ప్రత్యయం, మీకు తెలియకుండానే, ఆ రెండో అర్థానికి వత్తాసు పలుకుతుంది.

మరో సభ్యురాలి అభ్యంతరం

నేను అమెరికాలో ఉంటున్నాను. గురువు గారి విభక్తి విచారణ బాగున్నది కానీ, థామస్ గారికి న్యాయం జరగలేదని నా మనవి. ఆపిళ్ల మాట చుక్కల్లో పోలేదు, థామస్ ఉటంకింపులోనూ ఉంది. రాలిపోతే రాలిపోనివ్వండి అన్నవాడు కేవలం అడ్డు తొలగించమని అడిగాడని ఎలా అంటాం? పైగా నాలుగు వాక్యాలు అయిన వెంటనే డగ్లస్ బ్యాంక్స్ విధానాన్ని ఎత్తుకొని, నీగ్రోకు ఊతకర్రలు పెట్టే ప్రయత్నం అది అన్న అర్థంలో తిట్టారు. నల్లజాతి కన్సర్వేటివులు సరిగ్గా ఆ ధ్వనినే వారసత్వంగా తీసుకున్నారు.

థామస్ ఈ మాటలు ఎవరో శ్వేతజాతి సంపన్నుల నుంచి అరువు తెచ్చుకోలేదు. జార్జియాలో తాతగారి క్రమశిక్షణలో పెరిగి, కాలేజీలో మాల్కం ఎక్స్‌ను అభిమానించి, నల్లజాతి విద్యార్థి సంఘంలో పనిచేసిన మనిషి. 1974లో యేల్ లా స్కూలు నుంచి బయటికి వచ్చాక, జాతిని చూసి ఇచ్చిన పట్టా అని లా సంస్థలవారు తనను అనుమానంగా ప్రశ్నించడంతో, సిగార్ల ప్యాకెట్టు మీది 15 సెంట్ల ధర చీటీని ఊడదీసి ఆ పట్టా ఫ్రేముకు అంటించానని స్వయంగా రాసుకున్నారు. 1995లో మిసోరీ పాఠశాలల కేసులో, నల్లవారు ఎక్కువగా ఉన్నది ఏదైనా తక్కువ రకమే అయి ఉంటుందని కోర్టులు ఇంత సులువుగా ఎలా అనుకుంటాయోనని ఆశ్చర్యపోయారు. అది మార్కెట్ సిద్ధాంతం కాదండీ, రోషం. ఆ రోషానికి "మమ్మల్ని" ఎంత అవసరమో "మాకు" కూడా అంతే అవసరమని నాకు తోస్తోంది.

ఇంకొక మాట. 2023లో హార్వర్డ్ కేసులో ప్రవేశాల్లో జాతి పరిగణనను కోర్టు కొట్టేసినప్పుడు ఇక్కడి తెలుగు తల్లిదండ్రుల్లో చాలామంది దానిని మన రిజర్వేషన్ల లెక్కలో మాట్లాడుకున్నారు. జాతివారీగా సీట్లు కేటాయించే కోటాలను అక్కడి కోర్టు 1978లోనే, బక్కీ కేసులో తోసిపుచ్చింది. కాబట్టి అనువాదంలో "రిజర్వేషన్" అనే మాట మాత్రం పడనీయకండి.

తిరుగు జవాబు

అమ్మా, రోషం గురించి మీరు చెప్పినది అక్షరాలా నిజం. ఆపిళ్ల మాటను నేను త్వరగా దాటేసిన మాటా నిజమే. థామస్‌ను, ఆయనకు ముందే ఈ వాదనను ఆర్థికశాస్త్రంలో నిలబెట్టిన నల్లజాతి మేధావి థామస్ సోవెల్‌ను "అమ్ముడుపోయినవారు" అని కొట్టిపారేసేవారి పక్షాన నేను లేను. సోవెల్ 1980 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏర్పాటు చేసిన సమావేశానికి వచ్చినవారిలో యువకుడైన థామస్ కూడా ఉన్నారు. మమ్మల్ని ఇంకా మీరు నడిపించాలా అన్న ప్రశ్నకు నల్లవారి ఆలోచనలో చాలా లోతైన వేళ్లున్నాయి, డగ్లస్ ఆ వేళ్లలో ఒకరు.

నా పేచీ "మాకు" దగ్గరే. మీరు ప్రస్తావించిన బ్యాంక్స్ వాక్యాలను దాటి కొద్దిగా ముందుకు వెళితే, వాడి చేతుల కట్లు విప్పి ఒక్క అవకాశం ఇస్తే వాడు బతుకుతాడన్న మాట వస్తుంది. కట్లు విప్పడం కూడా ఎవరో పూనుకొని చేయవలసిన పనే. దానిని డగ్లస్ నిరాకరించలేదు, డిమాండు చేశారు. తరువాతి కాలంలో, స్వయంకృషితో పైకి వచ్చినవారి గురించి పలుచోట్ల ఇచ్చిన ఉపన్యాసంలో ఈ "వాడి మానాన వాణ్ణి వదిలేయండి" అన్న మాటను ఆయనే మళ్లీ ఎత్తుకొని, దానికి ముందు "న్యాయమైన ఆట ఆడనిచ్చి" అన్న షరతు ఉందని గుర్తు చేశారు. ఇతరులు వెయ్యేళ్ల ఆధిక్యంతో బయలుదేరుతుండగా నీగ్రోను ఏమీ లేని స్థితి నుంచి, ఏమీ లేకుండా బయలుదేరదీయడం న్యాయమైన ఆట కాదని చెప్పారు. ప్రవేశాల అధికారి ఆ కట్లు విప్పేవాడా, పండును చెట్టుకు తాడుతో బిగించేవాడా అన్నది మీరూ నేనూ వేరువేరుగా తేల్చుకోవచ్చు. ఆ నిర్ణయాన్ని అనువాదకుడు ప్రత్యయంతో ముందే చేసేయకూడదు.

ప్రశ్న అడిగినవారికి నా సూచన ఇది. డగ్లస్ నోట వచ్చినా, థామస్ ఉటంకింపులో వచ్చినా వాక్యాన్ని ఒకే రకంగా, "మమ్మల్ని మీరేమీ చేయనక్కరలేదు" అనే ఉంచండి. విశ్వవిద్యాలయ పాలకులు వేలు పెట్టకపోయినా నల్లవారు ప్రతి రంగంలోనూ రాణించగలరని థామస్ తన మాటగా అన్నది విడిగా ఉంది కాబట్టి, ఆయన అభిప్రాయం పాఠకుడికి అందకుండా పోదు. మూడు చుక్కలను ఉన్నచోటే ఉంచి, వదిలేసిన నాలుగు వాక్యాలను పేజీ అడుగున అనువాదకుడి వివరణగా ఇవ్వండి. అమ్మగారు చెప్పిన "రిజర్వేషన్" హెచ్చరికను కూడా అక్కడే ఒక వాక్యంలో చేర్చవచ్చు.