అరికా పామ్ ఆకుల కొనలు మాడిపోతున్నాయి, పక్కనున్న ఎర్రపువ్వు మొక్క పసుపెక్కుతోంది. ఏం చేయాలి?

ప్రశ్న (కావలి): అందరికీ నమస్తే. మా వరండాలో నాలుగు అరికా పామ్ కుండీలు ఉండాయి. కడియం నుంచి తెప్పించి రెండేళ్లయింది. సంక్రాంతికి కూడా పచ్చగా కళకళలాడినాయి. ఇప్పుడు ఆకుల కొనలు మాడి గోధుమరంగుకి తిరుగుతుండాయి. నీళ్లకు లోటు చేయలేదు, రోజూ పోస్తున్నా. వాటి పక్కనే గుజ్మానియా, అనాస ఆకుల్లాంటి ఆకులతో. ఎర్రపువ్వు మూడు నెలలు నిలిచింది, ఇప్పుడు మొక్కే పసుపెక్కుతోంది. ఏదన్నా తెగులంటారా?

జవాబు (అల్లూరు): కొబ్బరిచెట్టు మొదట్లో ఉప్పు వేస్తాం గదమ్మా, ఇదీ ఆ జాతేగా. గుప్పెడు రాళ్లుప్పు వేసి చూడండి.

జవాబు (ఒంగోలు): అన్నా, ఆ పని మాత్రం చేయించొద్దు. కొబ్బరి సముద్రపొడ్డు చెట్టు, క్లోరైడు దానికి ఆహారం. అరికా పామ్‌ది మడగాస్కర్, ఉప్పంటే పడదు. పేరు చూసి వక్కచెట్టు అనుకుంటారు గానీ అదీ కాదు. అక్కా, మాడేది పాత ఆకులా, కొత్తవా? పోసేది ఏం నీళ్లు?

కావలి: పాతవే ఎక్కువ, ఈమధ్య కొత్తవాటి కొనలూ మొదలైనాయి. నీళ్లంటారా... వంటింటి ఫిల్టరు నుంచి బయటికి పోయే వేస్టు నీళ్లు. ఊరికే పారబోయడం దేనికని ఎండలు మొదలైనప్పటి నుంచి బకెట్లో పట్టి పోస్తుండా.

ఒంగోలు: దొంగ దొరికాడు. ఆర్వో ఫిల్టరు మంచినీళ్లు మనకిచ్చి, బోరులోని ఉప్పంతా ఆ వేస్టు నీళ్లలోకి నెట్టేస్తుంది. మీరు పోసే నీళ్లు బోరు నీళ్లకన్నా చిక్కనివి. నీళ్లు ఆకులోంచి ఆవిరైపోతాయి, ఉప్పు కొనల్లో మిగిలిపోతుంది. పైగా మే నెల పడమటి గాలి. తెగులు కాదు గాబట్టి మందులేమీ కొట్టొద్దు. కుండీ కింద ప్లేటు తీసేసి, కుండీకి రెండు మూడింతలు మంచినీళ్లు మెల్లగా పోసి, అడుగు నుంచి అంతా కారిపోనివ్వండి. పది రోజులకు ఇంకోసారి. ఆ తర్వాత ఏసీ పైపు నీళ్లు పట్టుకోండి, ఉప్పుండదు. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలేగా, డాబా నీళ్లు డ్రమ్ములో నింపుకోవచ్చు. మాడిన కొన మళ్లీ పచ్చబడదు, కొత్త ఆకు బాగా వస్తే నయమైనట్టే. సగం పసుపెక్కిన పాత ఆకు కోయకండి, అందులోని పొటాష్‌ను చెట్టు కొత్త ఆకుకి లాక్కుంటుంది. మొవ్వు, అదే నడిమి లేత చిగురు, దాని జోలికి అసలే వెళ్లొద్దు, ఆ కాండానికి ఉండేది అదొక్కటే.

జవాబు (కనిగిరి): మా నీళ్లల్లో ఫ్లోరైడు సంగతి తెలిసిందేగా. డ్రసీనా, స్పైడర్ ప్లాంటు కూడా ఇట్టాగే కొనలు మాడతాయి. వాటికి సూపర్ ఫాస్ఫేటు కూడా వేయొద్దు, అందులోనూ ఫ్లోరైడు ఉంటుంది.

జవాబు (నెల్లూరు): గుజ్మానియాకు రోగం లేదమ్మా. అది అనాస కుటుంబం, అరటిచెట్టు లాగా ఒక్కసారే పూస్తుంది, తర్వాత తల్లి మెల్లగా పోతుంది. మొదట్లో పిలకలు వచ్చాయేమో చూడండి. నీళ్లు ఆకుల మధ్య గిన్నెలో పోయాలి, వేళ్ల దగ్గర మట్టి తడిగా ఉంటే చాలు. ఆ గిన్నెలో నీళ్లు వారానికోసారి మార్చాలి, లేకుంటే దోమలు. పసుపు చూసి తెగులనుకుని కాపర్ ఆక్సీక్లోరైడు, అదే రాగి మందు, కొట్టేరు, రాగి ఈ జాతికి విషం. మా తోడికోడలు అట్టా కొట్టి మూడు మొక్కలు పోగొట్టుకుంది.

కావలి: మా ఇంటాయన నీళ్లల్లో ఉప్పు కొలిచే మీటరు పెట్టి చూశారు. బోరు నీళ్లు 1,100, ఫిల్టరు వేస్టు 1,700. తల కొట్టుకున్నా. ఇక ఆ నీళ్లు బాత్‌రూము కడగడానికే. గుజ్మానియా మొదట్లో రెండు పిలకలు ఉండాయి, వేలంత. ఇప్పుడే విడదీయొచ్చా?

నెల్లూరు: ఇప్పుడే వద్దు. తల్లిలో సగం ఎత్తు రానివ్వండి. రోహిణీ కార్తె ఎండలో తీస్తే బతకవు.