ఒకే థీమ్‌తో చేసిన సైట్లు అంత వేరేగా ఎలా ఉంటున్నాయి? నాది డెమోలాగే ఉంది, సాయం చెయ్యండి

నౌపడ కుర్రోడు:
గురువులందరికీ నమస్కారం. పొద్దున్నుంచి కంప్యూటర్ ముందే ఉన్నాను, ఇక బుర్ర పనిచెయ్యట్లేదు. మన జిల్లా చోట్ల మీద వర్డ్‌ప్రెస్‌తో ఒక బ్లాగు సైట్ పెట్టుకున్నాను. శాలిహుండం, శ్రీముఖలింగం, తేలినీలాపురం కొంగలు, ఇలాంటివి. రాయడానికీ ఫొటోలు తియ్యడానికీ నాకు ఇబ్బంది లేదు. సైట్ తెరిస్తే మాత్రం అచ్చం థీమ్ (సైట్‌కి వేసే రెడీమేడ్ రూపం) డెమోయే. అదే థీమ్‌తో వేరేవాళ్లు చేసినవి చూశాను. అదే థీమ్ అని చెబితే తప్ప తెలీదు, అంత బాగున్నాయి.

వీడియోల్లో అందరూ అపియరెన్స్‌లోకి వెళ్లి కస్టమైజ్ నొక్కమంటున్నారు. నాకు ఆ కస్టమైజ్ అన్నదే లేదు. ఇంకో వీడియో చూసి చైల్డ్ థీమ్ (అసలు థీమ్ మీద ఆధారపడే పిల్ల థీమ్) చేస్తే సైట్ మొత్తం పోయి, క్రిటికల్ ఎర్రర్ అని ఒక్క లైను మిగిలింది. ఫైల్ మేనేజర్‌లో ఆ ఫోల్డర్ తీసేస్తే మళ్లీ వచ్చింది. పైగా హెడింగుల్లో వత్తులు కింద లైనుకి తగిలిపోతున్నాయి. ఇవన్నీ ఎక్కడ మారుస్తారండీ? బాగా మార్చుకున్నవి ఏవైనా ఉంటే చూపించండి, చూసి నేర్చుకుంటాను. సిరిమానోత్సవానికి ముందే లింకు అందరికీ పంపాలి.

కోట జంక్షన్:
థీమ్ పేరు? వర్డ్‌ప్రెస్ వర్షన్? సొంత హోస్టింగా, వర్డ్‌ప్రెస్ డాట్ కామా?

అక్షరాభిమాని:
బాబూ, వత్తులు తగలడం గురించి చెబుతాను, అది అన్నిటికంటే ముఖ్యం. ఈ థీములన్నీ ఇంగ్లీషు అక్షరాలు చూసుకుని తయారుచేసినవి. హెడింగుకి లైన్ హైట్ (ఒక్కో లైనుకిచ్చే ఎత్తు) అక్షరం సైజుకి 1.1, 1.2 రెట్లు పెడతారు. ఇంగ్లీషుకి అది చాలు. మనకి పైన గుడులు, తలకట్లు, కింద వత్తులు. 'స్తూపం' అని రాసి చూడండి, సకి కింద తావత్తు, దానికి తోడు పక్కన కొమ్ములు. ఆ పదం రెండు లైన్ల హెడింగులో పై లైనులో పడితే కింది లైను గుడులకి తగలకుండా ఉంటుందా? హెడింగుకి 1.5 దాకా, మామూలు రాతకి 1.8 దాకా పెంచండి. లెటర్ స్పేసింగ్ సున్నా చెయ్యండి. డెమోల్లో స్టైల్ కోసం అక్షరాల మధ్య ఖాళీ పెంచుతారు, మన అక్షరాలకి అది నప్పదు. మొదటి అక్షరం పెద్దగా వచ్చే డ్రాప్ క్యాప్ కూడా తీసెయ్యండి.

ఇక ఫాంట్ సంగతి. గూగుల్ ఫాంట్స్‌లో మన తెలుగువి చాలా ఉన్నాయి, అన్నీ ఉచితం. మందంగా కావాలంటే రామభద్ర, చదువుకోవడానికి మండలి, సన్నం నుంచి మందం దాకా బరువులన్నీ ఒకే కుటుంబంలో కావాలంటే నోటో సాన్స్ తెలుగు. గిడుగు, గురజాడ పేర్లతోనూ ఫాంట్లున్నాయి. మీరు శ్రీముఖలింగం గురించి రాస్తున్నారు కాబట్టి చెబుతున్నాను, గిడుగు రామమూర్తిగారు 1863లో ఆ పక్కనున్న పర్వతాలపేటలోనే పుట్టారు. ఆయన పేరున్న ఫాంటుతో ఆ ఊరి పేరు పైన కనిపిస్తే నాకు ఎంత సంతోషమో! మన జిల్లా గురించి రాసే సైట్లలో కూడా తెలుగుని కంప్యూటర్ తనకి తోచినట్టు చూపిస్తుంటే బాధేస్తుంది.

నౌపడ కుర్రోడు:
పెద్దాయనకి నమస్కారం. ఫాంటు మార్చే చోటే కనిపించట్లేదండి, అదే నా బాధ. థీమ్ అంటే నేను ప్రత్యేకంగా కొన్నది కాదు, వర్డ్‌ప్రెస్ వేసినప్పుడు దాంతో వచ్చిందే. సొంత హోస్టింగే.

రాజాం రోడ్:
తమ్ముడూ, ఊరికే వచ్చిన థీమ్ పెట్టుకుంటే డిజైన్ ఎక్కడి నుంచి వస్తుంది? ఒక పేజ్ బిల్డర్ ప్లగిన్ (పేజీలు కట్టుకునే అదనపు సాఫ్ట్‌వేర్) వేసుకో. లాగి పెట్టడమే, కోడ్ గొడవ ఉండదు. నేను చేసిన పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ల సైట్లన్నీ దాంతోనే.

కోట జంక్షన్:
బ్లాగుకి బిల్డర్ అక్కర్లేదు. వర్షన్ చెప్పలేదు ఇంకా.

నౌపడ కుర్రోడు:
6.8 అని కింద కుడివైపు ఉంది. థీమ్ పేరు ట్వెంటీ ట్వెంటీ ఫైవ్.

కోట జంక్షన్:
బ్లాక్ థీమ్. దానికి కస్టమైజ్ ఉండదు. అపియరెన్స్ > ఎడిటర్ > స్టైల్స్.

నాగావళి:
కోట జంక్షన్ గారు చెప్పిందే అసలు జవాబు. కొంచెం విప్పి చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే చిక్కుకుంటున్నారు.

2022 జనవరిలో 5.9 వర్షన్‌తో వర్డ్‌ప్రెస్ పద్ధతి మార్చింది. అప్పుడొచ్చిన ట్వెంటీ ట్వెంటీ టూ నుంచి, వర్డ్‌ప్రెస్‌తో వచ్చిన డిఫాల్ట్ థీములన్నీ బ్లాక్ థీములే. వాటిలో హెడర్, ఫుటర్, మెనూ, పోస్టుల జాబితా అన్నీ బ్లాకులే, అంటే విడివిడిగా మార్చగలిగే ముక్కలే, మార్పులన్నీ ఎడిటర్‌లోనే. మీరు చూసిన వీడియోలు పాత క్లాసిక్ థీములకి సంబంధించినవి. అందుకే వాళ్లకి కనిపించింది మీకు కనిపించట్లేదు.

మీకు చైల్డ్ థీమే అక్కర్లేదు. క్లాసిక్ థీమ్‌లో ఫైల్ మారిస్తే అప్‌డేట్ వచ్చినప్పుడు పోయేది, కాబట్టి చైల్డ్ థీమ్ చేసేవాళ్లం. బ్లాక్ థీమ్‌లో మీరు స్టైల్స్‌లో చేసిన మార్పులు డేటాబేస్‌లో ఉంటాయి. థీమ్ అప్‌డేట్ అయినా పోవు. ఆ క్రిటికల్ ఎర్రర్‌కి కారణం మాత్రం, ఎక్కడో వెబ్ పేజీ నుంచి కోడ్ కాపీ చేసి ఉంటారు. వెబ్ పేజీలు కోట్ గుర్తుల్ని వంకర కోట్లుగా మార్చేస్తాయి. పీహెచ్‌పీ 8లో (వర్డ్‌ప్రెస్ రాసిన భాష) అవి ఒక్కటి ఉన్నా చాలు, సైట్ ఆగిపోతుంది.

ఇప్పుడు మీరు అడిగిన ఉదాహరణలు. నాకెప్పుడూ మొదట గుర్తొచ్చేది సీఎస్ఎస్ జెన్ గార్డెన్ అనే సైట్. 2003లో డేవ్ షే మొదలుపెట్టాడు. పేజీ ఒక్కటే, అందులో మాటలూ అవే, హెచ్‌టీఎంఎల్‌లో (పేజీ అసలు కోడ్‌లో) ఒక్క అక్షరం కూడా మారదు. ప్రపంచం నలుమూలల నుంచీ డిజైనర్లు స్టైల్ షీటూ (రంగులూ అమరికా చెప్పే ఫైలు) బొమ్మలూ మాత్రం మార్చి పంపారు. ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని చూస్తే ఒకే పేజీ అంటే నమ్మరు. డిజైన్ అంటే ఏమిటో నాకు అది చూశాకే అర్థమైంది. ఇప్పటికీ తెరిచి చూడొచ్చు.

మీ థీమ్‌కి దగ్గర ఉదాహరణ కావాలంటే ట్వెంటీ ట్వెంటీ త్రీ. 2022 నవంబరులో వచ్చింది. దానితోపాటే పది స్టైల్ వేరియేషన్లు ఇచ్చారు, వాటిని తయారుచేసింది వర్డ్‌ప్రెస్ కమ్యూనిటీలోని వాళ్లే. ఒకటి నల్లటి నేపథ్యం, ఇంకోటి లేత నేపథ్యం, ఇలా. వేసుకుని ఒక్కొక్కటీ నొక్కి, దేనిలో ఏం మారిందో రాసుకోండి. రంగులు, ఫాంటు, అక్షరం సైజు, ఖాళీలు. దాదాపు అంతే! మీ థీమ్‌లో కూడా స్టైల్స్ తెరవగానే బ్రౌజ్ స్టైల్స్ ఉంటుంది, అక్కడ మొదలుపెట్టండి.

రాజాం రోడ్:
అక్కా, రంగులూ ఫాంట్లూ మారిస్తే అది డిజైన్ అంటారా? టెంప్లేట్ మార్చకుండా ఏం చేసినా డెమోలాగే ఉంటుంది.

కోట జంక్షన్:
టెంప్లేట్ అంటే? థీమ్ మొత్తమా, పేజీ అమరికా?

రాజాం రోడ్:
రెండూ ఒకటే కదా. బ్లాగర్‌లో టెంప్లేట్ అనే అనేవాళ్లం.

కోట జంక్షన్:
వర్డ్‌ప్రెస్‌లో ఒకటి కాదు. టెంప్లేట్ ఒక రకం పేజీకి అమరిక. హోమ్‌కి ఒకటి, విడి పోస్టుకి ఒకటి, వెతికితే వచ్చే పేజీకి ఒకటి.

రాజాం రోడ్:
మరి ప్యాటర్న్ ఏటి?

కోట జంక్షన్:
ముందే కట్టిన బ్లాకుల గుత్తి. ఎక్కడైనా పెట్టొచ్చు.

రాజాం రోడ్:
పేరు ఏదైనా నేను చెప్పింది అదేనండి, అమరిక మారాలి. ఆ మాటకి కట్టుబడి ఉన్నాను.

నాగావళి:
అమరిక మారాలన్న మాట నిజమే, నేనూ ఒప్పుకుంటాను. దానికి బిల్డర్ మాత్రం అవసరం లేదు. కొన్ని బిల్డర్లు తీసేస్తే రాసిందంతా షార్ట్‌కోడుల (బ్రాకెట్లలో ఉండే కోడ్ ముక్కల) ముద్దగా మిగులుతుంది. బ్లాగు అన్నది పదేళ్లు ఉండాల్సిన వస్తువు.

నేను చేసిన ఒకటి చెబుతాను. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసే ఒక కుటుంబానికి సైట్ చేసిపెట్టాను. మీలాగే వర్డ్‌ప్రెస్‌తో వచ్చిన థీమే. వీణ కుండ, దండి పనసచెక్కతో చేస్తారు. కొత్తగా చెక్కినప్పుడు ఆ చెక్క పసుపుగా ఉంటుంది, పాలిష్ పడ్డాక ముదురుతుంది. ఆ రెండు రంగులే తీసుకున్నాను, పసుపు లేతగా నేపథ్యానికి, ముదురు గోధుమ అక్షరాలకి. మూడో రంగు పెట్టలేదు. డెమోలో హోమ్ పేజీ మీద ఆరు పోస్టులు గళ్లుగళ్లుగా ఉండేవి. వీణ నిలువు వస్తువు, గళ్లలో పెడితే తల ఒక పక్క, కుండ ఒక పక్క తెగిపోయేది. గళ్లు తీసేసి, ఎడమ పక్క ఒక నిలువు ఫొటో, కుడి పక్క రాత పెట్టాను. మెనూలో మూడే మాటలు. డెమో గుర్తుపట్టలేరు. వేసిన ప్లగిన్ ఒక్కటీ లేదు.

మీ సైట్‌కి కూడా మీ ఫొటోల్లోంచే తియ్యండి. తేలినీలాపురం వచ్చే పెయింటెడ్ స్టార్క్ తోక దగ్గర ఈకలు గులాబీ రంగులో ఉంటాయి కదా, ఆ రంగు మీ ఫొటోలోంచే పిక్కర్‌తో తీసుకోండి. కానీ తెల్లటి పేజీ మీద ఆ గులాబీతో అక్షరాలు రాయకండి, చదవలేరు. అక్షరానికీ నేపథ్యానికీ తేడా కనీసం 4.5కి 1 ఉండాలన్నది ఒప్పుకున్న ప్రమాణం. నేపథ్యంగా వాడి, దాని మీద నల్లటి అక్షరం పెట్టండి.

హోమ్ అమరికకి: ఎడిటర్‌లో టెంప్లేట్స్, బ్లాగ్ హోమ్. అక్కడ క్వెరీ లూప్ అనే బ్లాక్ ఉంటుంది, పోస్టుల జాబితా అదే. రెండు క్వెరీ లూప్‌లు పెట్టండి. మొదటిదానికి ఒకే పోస్టు, పెద్ద ఫొటోతో. రెండోదానికి ఆఫ్‌సెట్ 1 (మొదటి పోస్టు వదిలెయ్యమని) ఇచ్చి, మిగతావి ఫొటోల్లేకుండా పేరూ తేదీ మాత్రం. ఫొటోలు ఫోన్‌తో నిలువుగా తీసినవైతే ఫీచర్డ్ ఇమేజ్ (పోస్టు ముఖ్య ఫొటో) బ్లాక్‌లో నిష్పత్తి 3:4 పెట్టండి. డెమోలు ఎక్కువగా అడ్డ ఫొటోలకి కట్టినవి, మన నిలువు ఫొటోలు వాటిలో పడితే గోపురం శిఖరం తెగుతుంది. మీ సైట్ డెమో కంటే నాసిగా కనిపించడానికి సగం కారణం అదే అయ్యుంటుంది.

అక్షరాభిమాని:
ఫాంటు ఎలా వేసుకోవాలో కూడా చెప్పండమ్మా, ఆ అబ్బాయి అదే అడిగాడు.

నాగావళి:
స్టైల్స్‌లో టైపోగ్రఫీ, అక్కడ ఫాంట్లు మేనేజ్ చేసే బొత్తాం ఉంటుంది. 6.5 వర్షన్ నుంచి ఉంది. గూగుల్ ఫాంట్స్ కలుపుకుని తెలుగు ఫాంటు పేరు వెతికి ఇన్‌స్టాల్ నొక్కితే మన సర్వర్‌లోకే దిగుతుంది. లైన్ హైట్ అదే టైపోగ్రఫీలో హెడింగ్స్ కింద మార్చొచ్చు. మొత్తం రెండు ఫాంట్లు దాటించకండి, తెలుగు ఫాంటు ఫైళ్లు ఇంగ్లీషు వాటికంటే బరువు.

చీపురుపల్లి లైన్:
ఇంకో మాట ఎవరూ చెప్పలేదు. తెలుగులో శీర్షిక పెడితే లింకు కూడా తెలుగులోనే తయారవుతుంది. వర్డ్‌ప్రెస్ దాన్ని శాతం గుర్తులుగా మార్చి దాచుకుంటుంది, ఒక్కో తెలుగు గుర్తుకి తొమ్మిది స్థానాలు. దానికున్న చోటు 200. అంటే ఇరవై రెండు గుర్తులు దాటాక లింకు తెగిపోతుంది. గుణింతం, వత్తు విడివిడిగా లెక్క కాబట్టి మూడు నాలుగు మాటలకే అయిపోతుంది. వాట్సాప్‌లో పంపితే బారెడు శాతం గుర్తులు కనిపించి జనం నొక్కడానికి భయపడతారు. పోస్టు వేసే ముందు లింకు చోట ఇంగ్లీషు అక్షరాలతో శాలిహుండం అని చిన్నగా రాసుకోండి. వేసేశాక మారిస్తే, అప్పటికే పంచిన లింకుల గొడవ చూసుకోవాలి.

రాజాం రోడ్:
లింకుల గురించి వేరే చర్చ ఉంది కదండి. ఇక్కడ డిజైన్ మాట్లాడుతున్నాం.

చీపురుపల్లి లైన్:
అందరికీ లింకు పంపాలన్నాడు కాబట్టి చెప్పాను.

నౌపడ కుర్రోడు:
ఎడిటర్‌లో స్టైల్స్ దొరికింది! సగం నలుపు సగం తెలుపు వృత్తం గుర్తు నొక్కితే వస్తోంది. హెడింగ్ 1.5 పెట్టాను, 'శాలిహుండం స్తూపాలు' ఇప్పుడు తగలకుండా కనిపిస్తోంది. గులాబీ నేపథ్యం బాగుంది. మా చెల్లి చూసి ఇది మన సైటేనా అంది. హోమ్‌లో రెండో జాబితా పెట్టాను గానీ ఫోన్‌లో మెనూ అడ్డంగా వస్తోంది, అది రేపు చూసుకుంటాను. అందరికీ థాంక్సండీ, నాగావళి అక్కకి మరీ మరీ.

కోట జంక్షన్:
నావిగేషన్ బ్లాక్‌లో ఓవర్‌లే మెనూ: మొబైల్.

పాలకొండ:
నాది బ్లాగర్‌లో ఉంది. ఈ స్టైల్స్ లాంటివి అందులో ఉంటాయా? హెడర్ ఫొటో పైన ఊరి పేరు సగమే కనిపిస్తోంది. ఎవరైనా చెప్పగలరా?