ఎన్‌లార్జర్ వెలుగు మూలల్లో తగ్గుతోంది: లోపం బల్బుదా, కండెన్సర్లదా?

ప్రశ్న (తిరుపతి నుండి)

అందరికీ నమస్కారం. మా నాన్నగారు తిరుపతిలో స్టూడియో నడిపిన రోజుల నాటి కండెన్సర్ ఎన్‌లార్జర్‌ను (నెగటివ్ బొమ్మను కాగితం మీద పెద్దదిగా వేసే యంత్రం; కండెన్సర్లంటే అందులో బల్బు వెలుగును పోగుచేసే గాజులు) విప్పించి, శుభ్రం చేయించి, మళ్లీ నలుపు తెలుపు ప్రింట్లు వేయడం మొదలుపెట్టాను. 35 మిల్లీమీటర్ల ఫిలిం, 50 మిల్లీమీటర్ల లెన్సు, 8×10 అంగుళాల కాగితం వాడుతున్నాను. చంద్రగిరి కోటలోని రాజమహల్ నెగటివ్‌ను ప్రింటు వేస్తే, శిఖరాల వెనుక ఆకాశం మధ్యలో చక్కని బూడిద రంగులో వచ్చి, మూలలకు వెళ్లేకొద్దీ తెల్లబడుతోంది. అందులోనూ కుడివైపు పై మూల మిగిలిన మూడింటికన్నా ఎక్కువగా తేలిపోతోంది. పాత పాలగాజు బల్బు మాడిపోయినందువల్ల, దాని మర హోల్డరుకు అడాప్టరు బిగించి, ఇళ్లలో వాడే పిన్నుల ఎల్‌ఈడీ బల్బు పెట్టాను. వెలుగును సమంగా పరిచే డిఫ్యూజర్ పలక వేస్తే సరిపోతుందా, లేక కండెన్సర్లే మార్చవలసి ఉంటుందా? దయచేసి చెప్పగలరు.

జవాబు (చిత్తూరు నుండి)

ఏదైనా కొనే ముందు లోపం నెగటివ్‌లో ఉందో, యంత్రంలో ఉందో తేల్చుకోండి. కెమెరా లెన్సు వల్ల మూలల్లో వెలుగు తగ్గితే నెగటివ్ అక్కడ పలచబడి, ప్రింటులో ఆ మూలలు నల్లబడాలి. మీకు తెల్లబడుతున్నాయి కాబట్టి అది కారణం కాదు. అయితే డెవలపింగ్ ట్యాంకులో ఫిలిం అంచులు ఎక్కువగా డెవలప్ అయినా ఇలాగే కనిపిస్తుంది. అందువల్ల నెగటివ్‌ను, దాన్ని పట్టి ఉంచే క్యారియర్‌లో తలకిందులుగా తిప్పి పెట్టి ఇంకో ప్రింటు వేయండి. తేలిపోయిన మూల బొమ్మతోపాటు తిరిగితే దోషం నెగటివ్‌ది. కాగితాన్ని పట్టి ఉంచే ఈజిల్ మీద అదే చోట ఉండిపోతే ఎన్‌లార్జర్‌ది.

ఎన్‌లార్జర్‌దే అని తేలితే, నెగటివ్ తీసేసి, ఖాళీ క్యారియర్ అంచు మీద ఫోకస్ చేసి, లెన్సు రంధ్రాన్ని ఎఫ్/8కు తగ్గించి, మధ్యస్థమైన బూడిద రంగు వచ్చేలా ఒక కాగితానికి ఎక్స్‌పోజర్ ఇవ్వండి. పూర్తిగా నల్లబడినా, తెల్లగా మిగిలినా తేడా దాగిపోతుంది. గ్రేడ్ 4 లేదా 5 కాంట్రాస్ట్ (నలుపు తెలుపుల తేడాను బాగా ఎక్కువగా చూపేది) మీద వేస్తే కొద్దిపాటి తేడా కూడా స్పష్టంగా బయటపడుతుంది. యంత్రం కింది పలక (బేస్‌బోర్డు) మీద పడిన వెలుగును కంటితో చూసి నిర్ణయించకండి, ఎందుకంటే మన కన్ను నెమ్మదిగా తగ్గే వెలుగును పట్టుకోలేదు.

మీరు చెప్పినదాన్ని బట్టి ఇక్కడ రెండు లోపాలు కలిసి ఉన్నాయని నా అభిప్రాయం. ఒకే మూల ఎక్కువగా తేలిపోవడం బల్బు పక్కకు జరిగిందనడానికి గుర్తు. నాలుగు మూలలూ తగ్గడానికి మాత్రం నేను ముందుగా అనుమానించేది ఆ అడాప్టరునే. కండెన్సర్లు బల్బు వెలుగును పోగుచేసి, దాని బింబం సరిగ్గా ఎన్‌లార్జింగ్ లెన్సులో పడేలా పంపాలి. అడాప్టరు పొడవు వల్ల బల్బు కిందికి దిగి ఆ బింబం చోటు మారిపోతే, మధ్య భాగానికి వెలుగు అందినా మూలలకు అందదు. అడాప్టరు తీసేసి, మర ఉన్న పాలగాజు ఎల్‌ఈడీ బల్బును నేరుగా బిగించండి. తర్వాత హోల్డరు కడ్డీ స్క్రూ వదులు చేసి, బల్బును కొద్దికొద్దిగా పైకీ కిందికీ, ఆ పైన పక్కలకూ జరుపుతూ, జరిపిన ప్రతిసారీ బూడిద ప్రింటు వేసి చూడండి. ఈ పనికి ఓపిక కావాలి గానీ పెద్ద ఖర్చు లేదు.

జవాబు (మదనపల్లె నుండి)

పై మిత్రులు చెప్పిన క్రమమే సరైనది. దానికి ఒక్క విషయం చేర్చదలచుకున్నాను. శుభ్రం చేయించాక కండెన్సర్లను తిరిగి ఎలా అమర్చారో చూడండి. ఒకవైపు చదునుగా ఉండే రెండు గాజులైతే, వాటి ఉబ్బెత్తు ముఖాలు ఒకదానికొకటి ఎదురుగా ఉండాలి. ఒకటి తిరగబడినా వెలుగు చెదిరిపోతుంది. మీ యంత్రం 6×6 సెంటీమీటర్ల నెగటివ్‌లకు కూడా పనికొచ్చేదైతే, దానికి వేరే కండెన్సరు ఉండవచ్చు. 80 మిల్లీమీటర్ల లెన్సుకు ఉద్దేశించినదాన్ని 50 లెన్సుతో వాడితే మూలలు తప్పక తగ్గుతాయి.

డిఫ్యూజర్‌ను చివరి మార్గంగానే ఉంచుకోమని నా సలహా. పాలగాజు పలకను కండెన్సర్ల పైన, నెగటివ్‌కు దూరంగా పెడితే వెలుగు సమంగా పరుచుకుంటుంది, ఫిలిం మీది గీతలు, దుమ్ము కూడా తక్కువగా కనిపిస్తాయి. కానీ ఎక్స్‌పోజర్ సమయం బాగా పెరుగుతుంది, మామూలు నలుపు తెలుపు (వెండి) నెగటివ్‌లలో కాంట్రాస్టూ తగ్గుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నెగటివ్ తిప్పి వేసినా తేలిపోయిన మూల ఈజిల్ మీద అదే చోట ఉంది. కండెన్సర్లు సరిగానే ఉన్నాయి. అడాప్టరు తీసి, మర బల్బు బిగించి, పైకి జరిపాక కుడి మూల మిగతావాటితో కలిసిపోయింది. నాలుగు మూలల్లోనూ ఇంకా కొద్దిపాటి తగ్గుదల సమానంగా మిగిలి ఉంది. ఇది కూడా పోయే మార్గం ఉందా?

జవాబు (చిత్తూరు నుండి)

అది పూర్తిగా పోదు, ఎందుకంటే అందులో చాలా భాగం కాంతి ధర్మం. వాలుగా వెళ్లే వెలుగు ఆ కోణపు కొసైన్ విలువ నాలుగో ఘాతం చొప్పున తగ్గుతుంది. 50 లెన్సుతో 8 రెట్లు పెద్దది చేసినప్పుడు మూలకు వెళ్లే కోణం సుమారు 21 డిగ్రీలు. అంటే మధ్యలో ఉన్న వెలుగులో అక్కడ ముప్పావు వంతే ఉంటుంది. మధ్యకు 10 సెకన్లు సరిపోతే మూలకు 13 సెకన్లు కావాలన్నమాట. అదే 80 లెన్సు వాడితే కోణం 13 డిగ్రీలకు అటూ ఇటూగా తగ్గి, మూలల్లో దాదాపు 90 శాతం వెలుగు దక్కుతుంది. అయితే ఎన్‌లార్జర్ తలను చాలా పైకి ఎత్తాలి, కండెన్సరు కూడా దానికి తగినదై ఉండాలి.

మీ రాజమహల్ ప్రింటుకు అంత అవసరం లేదు. అసలు ఎక్స్‌పోజర్ ముగిశాక, మధ్య భాగాన్ని అట్టతో కప్పి, అట్టను ఆగకుండా కదిలిస్తూ, మూలలకు మాత్రం ఆ అదనపు 3 సెకన్లు ఇవ్వండి. ఆకాశం సమంగా వస్తుంది.