కార్వేటినగరంలో 'కార్వేటి' అంటే ఏంది?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మాది చిత్తూరు. మొన్న ఇంట్లో కార్వేటినగరం పేరు మీద పెద్ద రచ్చ జరిగింది. కారు అంటే నలుపు, ఏటి అంటే ఏరు, నల్లటి ఏటి పక్కన ఉండే నగరం కాబట్టి కార్వేటినగరం అని మా మామ తేల్చి చెప్పేసినాడు. అది తమిళం పేరు, మన వాళ్లు పలకలేక పాడు చేసినారు అని మా బావ. నా అనుమానం ఇంకొకటి. ఒక చుట్టు తిరిగితే అయిపోయే ఊరికి 'నగరం' అని ఎందుకు పెట్టినారు? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు:
తమ్ముడూ, మీ మామ చెప్పిందాంట్లో సగం పదార్థం ఉంది, కానీ ఆయన అనుకున్న చోట లేదు. ఏరు ఉన్న మాట నిజమే, కుశస్థలి ఆ మండలంలోనే పారుతుంది, కృష్ణాపురం ప్రాజెక్టు దాని మీదే కట్టారు. అయితే కారు, ఏరు కలిస్తే 'కారేరు' అవుతుంది, ఏటి చేరిస్తే 'కారేటి' అవుతుంది. మధ్యలో ఆ 'వ' ఎక్కడి నుంచి ఊడిపడింది? తెలుగు సంధిలో అచ్చుల మధ్య యకారం వస్తుంది కానీ ఇట్లా వకారం రాదు. ఆ వకారానికి లెక్క చెప్పనిదే ఏ వ్యుత్పత్తీ నిలబడదు.

లెక్క చెప్పే మాట ఒకటుంది, కాడువెట్టి. కాడు అంటే అడవి, వెట్టి అంటే కొట్టినవాడు. అడవి కొట్టి ఊళ్లు నిలిపినవాడని అర్థం. ఇది మామూలు మాట కాదు, కంచి పల్లవులకు వాడిన బిరుదు. కన్నడ శాసనాల్లో పల్లవ రాజును ఏకంగా ఈ పేరుతోనే పిలిచారు. మన తెలుగు దేశంలో 'ముక్కంటి కాడువెట్టి' అని ఒక కథే ఉంది, ముక్కంటి అంటే త్రిలోచనుడే, ఆ త్రిలోచన పల్లవుడనే రాజు అడవులు నరికించి బ్రాహ్మణులకు అగ్రహారాలు ఇచ్చాడని. ఆ తర్వాత చాలామంది చిన్న రాజులు మేము ముక్కంటి కాడువెట్టి వంశం వాళ్లమని శాసనాల్లో చెప్పుకున్నారు. కాడువెట్టి నగరమే నోళ్లలో నలిగి కార్వేటినగరం అయింది.

నలిగిన తీరు కూడా అడ్డదిడ్డంగా లేదు. 'డు'లో ఉకారం పోతే కాడ్వెట్టి, డకారం రేఫ, అంటే రకారం, అయితే కార్వెట్టి. ఇది ఆ ఊరి ఒక్కదాని కోసం పుట్టించిన సూత్రం కాదు. అడవికి అంటుకునే మంటను మనం ఏమంటాం? కార్చిచ్చు. అది నల్ల చిచ్చు కాదు కదా, అడవి చిచ్చు. తమిళం వాళ్లు దాన్నే కాట్టుత్తీ అంటారు. కారెనుము అంటే అడవి ఎనుము. అంటే కాడు అనే పాత మాట మన తెలుగులోనే 'కారు' రూపంలో కూడా బతికి ఉంది. మీ మామ 'కారు' అని పట్టుకున్నది సరైన ముక్కే, దానికి నలుపు రంగు పూయడం దగ్గరే దారి తప్పింది. అసలు రూపం 'కాడు' కూడా ఎక్కడికీ పోలేదు, వల్లకాడులో ఉంది.

వెట్టి వేటి ఎట్లా అయిందంటే, తమిళం పక్కన పెట్టుకుని చూడండి. వాళ్లది కోట్టై, మనది కోట. పేట్టై, పేట. తోట్టం, తోట. వేట్టై, వేట. దీర్ఘం తర్వాత ద్విత్వం మన నోటికి పట్టదు, ఒక్క టకారం చాలు. వెట్టిలో ఎకారం సాగిందంటే ద్విత్వం ఎగిరిపోవాల్సిందే. కాబట్టి మీ బావ కూడా సగమే కరెక్టు. మాట తమిళ నేల మీద పుట్టి ఉండొచ్చు, దాన్ని తెలుగు మాటగా చేసుకున్నది మనమే. పాడు చేయడం అనే మాట నాకు నచ్చదు.

ఇంకొక్క జాగ్రత్త. పేరు పల్లవుల బిరుదు అయినంత మాత్రాన ఊరు పల్లవులే కట్టించారని రాసేయకండి. 9వ శతాబ్దం చివరికి చోళులు వాళ్లను దించేశారు. బిరుదులు మాత్రం ఆ తర్వాత కూడా చేతులు మారుతూనే పోయాయి.

కామెంట్:
అన్నా, వెట్టి అంటే వెట్టిచాకిరి అనుకుంటా ఉన్నా ఇన్నాళ్లూ. కోట కట్టేదానికి రాజులు వెట్టి చేయించినారు, అందుకే ఆ పేరు అని మా ఊళ్లో చెప్తారు.

జవాబు:
చెప్తారు, జమీందార్ల కాలంలో వెట్టి లేకపోతే ఆశ్చర్యపడాలి గానీ ఉంటే కాదు. అయినా ఆ వెట్టి వేరే. అది సంస్కృతం 'విష్టి' నుంచి వచ్చింది, కూలి లేని పని. ఇది ద్రావిడం, నరకడం. రెండూ ఒకే రూపంలోకి వచ్చి కూర్చున్నాయి, అంతే.

ఇక 'నగరం' సంగతి. ఇక్కడ నగరం అంటే సిటీ అని ఇప్పటి అర్థం పెట్టుకుంటే నవ్వే వస్తుంది. పాత తెలుగులో నగరు అంటే రాజుగారి ఇల్లు. నగరికి పోయొచ్చాడంటే రాజు కొలువుకు పోయొచ్చాడని. రాజు ఉన్న చోటు కాబట్టి ఊరు ఎంత చిన్నదైనా నగరమే. పోల్చాలంటే మన జిల్లా కేంద్రాన్నే తీసుకోండి. చిత్తూరు అంటే తమిళంలో సిఱ్ఱూర్, చిన్న ఊరు అని. చిన్న ఊరు జిల్లా కేంద్రం అయింది, నగరం మండల కేంద్రంగా మిగిలింది!

ఆ నగరం చిన్నాచితకా జమీ కూడా కాదు. ఉత్తర ఆర్కాటు జిల్లాలో కాళహస్తి, పుంగనూరు, కంగుందితో పాటు లెక్కకు వచ్చే సంస్థానం. తిరుత్తణి కూడా దాంట్లోనిదే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చింది, 1960లో సరిహద్దు సర్దుబాటులో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయి సత్యవేడు మనకొచ్చింది. గీత గీసింది అప్పుడు. దానికి ముందు వందల ఏళ్లు అక్కడి జనం రెండు భాషలనూ ఒకే నోట మాట్లాడినవాళ్లు. నమ్మకపోతే రాజుగారి పేరు చూడండి. మాకరాజు వెంకటపెరుమాళ్ళరాజు. వెంకటకు పెరుమాళ్ తగిలించి, దానికి మళ్లీ తెలుగు రాజు. ఆ పేరును ముక్కలు చేసి ఇది మాది అది మీది అని పంచుకోవడం ఎవరి వల్ల అవుతుంది?

ఆ రాజు ఆస్థానంలోనే సారంగపాణి ఉండేవాడు. పదకర్త, అంటే పాడుకునే పదాలు కట్టినవాడు, 18వ శతాబ్దం మనిషి. క్షేత్రయ్య పేరు తెలిసినంతగా ఈయన పేరు జనానికి తెలియకపోవడం నాకు ఎప్పుడూ కడుపుమంటే. పదాల్లో తన గుర్తుగా పెట్టుకున్న ముద్ర వేణుగోపాల. ఊళ్లో వేణుగోపాలస్వామి గుడి ఉంది కదా, ఆ స్వామే. పదాల్లో భాష పుస్తకాలది కాదు. సామెతలు, ఎత్తిపొడుపులు, ఆడవాళ్లు మనసులో ఉన్నది దాచకుండా అనేసే మాటలు, స్వామిని నిలబెట్టి కడిగేయడాలు, అన్నీ మన వైపు వాడుక. మాండలికం మీద పని చేసేవాళ్లు ఇప్పటి కథలే తవ్వుతున్నారు. దాదాపు మూడు వందల ఏళ్ల కిందటి చిత్తూరు యాస వినాలంటే సారంగపాణి పదాలు తీయండి. శృంగారం పాలు ఎక్కువ, పిల్లల పాఠ్యపుస్తకంలో పెట్టలేరు, అందుకే మరుగున పడ్డాడని నా అనుమానం.

తర్వాత కాలంలో గోవిందసామయ్య, కూవనసామయ్య అన్నదమ్ములు అదే ఆస్థానంలో ఉన్నారు. కర్ణాటక సంగీతంలో మోహన, కేదారగౌళ రాగాల వర్ణాలు నేర్చుకున్నవాళ్లకు గోవిందసామయ్య పేరు కొత్త కాదు.

కామెంట్:
సార్, మా అక్క డైట్‌లో, అదే టీచర్ ట్రైనింగ్ కాలేజీలో, చదివింది అక్కడే. స్కంద పుష్కరిణిలో తెప్పోత్సవం చూసినాము. కృష్ణుడి గుడి కోనేటికి స్కందుడి పేరేంది?

జవాబు:
తిరుత్తణి ఎవరిదో గుర్తు తెచ్చుకోండి, సుబ్రహ్మణ్యస్వామిది. ఆ కొండ కూడా ఈ జమీలోదే. ఆ పేరు ఇక్కడి కోనేటికి ఉండటం నాకైతే వింతగా అనిపించదు. గుడి ఇప్పుడు టీటీడీ చేతిలో ఉంది, బోర్డుల మీద పేర్లు బాగానే రాస్తున్నారు.

కామెంట్:
మరి వాయల్పాడు వాల్మీకిపురం అయినట్టు, దీనికి కూడా ఎవరైనా సంస్కృతం పేరు పెడితే?

జవాబు:
పెట్టొద్దని దండం పెడతాను. వాల్మీకిపురం అని కాగితం మీద ఉంటే ఉండనీ, బస్సులో 'వాయల్పాడు ఒక టికెట్' అనే అడుగుతారు. కార్వేటినగరానికి అదృష్టం ఏమంటే ఏ పురాణం వాళ్లూ ఇంకా దాని మీద కన్నేయలేదు. ఎవరైనా వస్తే అడవి కొట్టినవాడి పేరు తీసి ఏ మహర్షి పేరో పెడతారు, అడవిని చదును చేసి కయ్యలు తోలినవాళ్ల ఆనవాలు ఆ ఒక్క మాటలో ఉంది, అదీ పోతుంది.

కామెంట్:
ఇంగ్లీషు వాళ్ల కాగితాల్లో 'బోమ్రాజ్' అని ఉంటుందే, అదేనా?

జవాబు:
అదే. బొమ్మరాజు. ఆ సంస్థానానికి బొమ్మరాజుపాళెం అని ఇంకో పేరు. పాళెం అంటే దండు విడిసిన చోటు, పాళెగాడు దాని నుంచే. ఇక్కడ 'ళ' గమనించండి. కోస్తాలో పాలెం అంటారు, మన వైపు నాలుక మడిచి పాళెం అనే అంటాం. ఈమధ్య రోడ్డు పక్క బోర్డుల మీద మన పాళేలన్నీ పాలేలు అయిపోతున్నాయి, రాసేవాళ్లు గుంటూరు నుంచి వస్తున్నారో ఏమో.